సిరుమలై చాటున వాడిపట్టి ఎండలు

మదురలో దిండిగల్లు రైలు ఎక్కేవారు కుడిచేతి కిటికీ దగ్గర చోటు సంపాదించుకొంటే మంచిది. సమయనల్లూరు, చోళవందాను దాటేవరకు కొబ్బరితోటలు, వరిమళ్లు కనబడుతూ ఉంటాయి. ఆ తరువాతి స్టేషను వాడిపట్టి. అక్కడికి వచ్చేసరికి ఉత్తరాన నీలంగా, పొడుగ్గా ఒక కొండవరుస అడ్డం నిలుస్తుంది. అదే సిరుమలై. అరవంలో ఆ మాటకు చిన్నకొండ అని అర్థం. పడమట ఉన్న కొడైకానలు కొండలతో పోల్చి ఆ పేరు పెట్టి ఉంటారు. వాడిపట్టివారికి మాత్రం అది చిన్నకొండ కాదు. వారి బావుల్లో ఊట, తోటల్లో పచ్చదనం, రాత్రిపూట వాకిట్లోకి వచ్చే చల్లగాలి, అన్నీ ఆ కొండ పెట్టిన భిక్షే.

లక్ష్మణస్వామికోసం ఆంజనేయుడు సంజీవి పర్వతాన్ని మోసుకొని పోతూ ఉండగా జారిపడిన ముక్కే ఈ కొండ అని ఇక్కడివారు చెప్పుకొంటారు. అందుకే దానిమీద ఇన్ని మందుచెట్లు ఉన్నాయట. భూగోళం చదివినవారు చెప్పే కథ ఇంకొకటి ఉన్నది. ఒడిశాలో మొదలై, తెలుగునాట నల్లమల, శేషాచలాల మీదుగా తెగి తెగి వచ్చే తూర్పు కనుమలకు దక్షిణాన చివరి కొండల్లో సిరుమలై ఒకటి. మనవారి పూర్వులు ఏ కొండల పాదాలనుంచి బయలుదేరి వచ్చారో, ఆ కొండల తోకే వాడిపట్టి వెనుక వచ్చి ఆగిందన్నమాట.

1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదుర ఏలుబడికి వచ్చినప్పటినుంచి మనవారి కుటుంబాలు ఈ సీమకు విరివిగా వచ్చాయి. వాడిపట్టికి ఉత్తరాన, సిరుమలై పాదాన ఉన్న అమ్మయనాయకనూరు నాటి పాళెములలో ఒకటి. ఇప్పుడు కొడైకానలు రోడ్డు అని రైలువారు పిలిచే స్టేషను ఉన్నది ఆ ఊళ్లోనే. పాళెగాళ్ల వెంట వచ్చిన సిపాయిలు కొందరైతే, నాగలి పట్టుకొని వచ్చినవారు ఎందరో. ఏటిగట్టున పారుదల భూములు అప్పటికే సాగులో ఉన్నాయి. మనవారికి దొరికినవి చాలావరకు మెట్టభూములు, నల్లరేగళ్లు. బావి తవ్వుకొని, కపిల తోలుకొని, సజ్జ, జొన్న, పత్తి పండించారు. కాబట్టి ఎండ అన్నది మనవారికి కొత్త చుట్టం కాదు. ఎండతో కాపురం చేయడం తెలిసినవారు గనుకనే ఇక్కడ నిలిచారు.

2024లో చైత్రపౌర్ణమికి మదుర పోయి, అక్కడినుంచి వాడిపట్టిలో మేనమామగారింట పదిహేను రోజులు ఉన్నాను. ఆ పదిహేను రోజులూ ఎండ నలభై డిగ్రీల అటూ ఇటూ ఆడుతూనే ఉన్నది. ఉదయం తొమ్మిది కొట్టేసరికి వీధిలో కుక్క కూడా కనబడదు. తారురోడ్డు మెత్తబడి చెప్పుకు అంటుకొంటుంది. పగలంతా తలుపులు మూసుకొని, సాయంకాలం ఆరు దాటాక వాకిట్లో నీళ్లు చల్లుకొని అరుగుమీదికి వస్తారు. సజ్జ అంబలిలో మజ్జిగ పోసి, చిన్న ఉల్లిపాయలు నంజుకొంటూ తాగడం ఇంటింటా ఉన్నది. బస్సుస్టాండులో జిగర్తండా అంగళ్లు ఎన్ని వచ్చినా, తాటిముంజల బండి దగ్గర ఉండే గుంపు తగ్గలేదు.

మనవారి ఇండ్లలో ఇప్పటికీ తెలుగు పంచాంగం లెక్క నడుస్తుంది. అరవవారు అగ్నినక్షత్రం అనేదాన్ని మనం కర్తరి అంటాము. మే 4 ప్రాంతంలో మొదలై నెలాఖరుదాకా ఉంటుంది. ఆ రోజుల్లో ఇల్లు కప్పరాదు, బావి తవ్వరాదు అని పెద్దలు పెట్టిన కట్టుబాటు. ఎండలో కూలివాడి ప్రాణం కాపాడడానికే అది పెట్టారేమో అనిపిస్తుంది. తరువాత రోహిణి కార్తె. రోళ్లు పగులుతాయనే సామెత ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. ఇంతవరకు పంచాంగమూ ఆకాశమూ ఒక్కటే.

అవి విడిపోయేది మృగశిర దగ్గర. ఆంధ్రదేశంలో మృగశిర వచ్చిందంటే నైరుతి మబ్బు ముఖం చూపుతుంది. రైతు విత్తనం మూట విప్పుతాడు. వాడిపట్టిలో మృగశిరకు వచ్చేది ఒట్టి గాలి. నైరుతి మబ్బులు పడమటి కనుమల అవతల కేరళలో బరువు దించుకొని, ఇవతలికి ఖాళీచేతులతో వస్తాయి. కొండదిగే గాలి దిగుతున్నకొద్దీ వేడెక్కి, ఉన్న తడిని కూడా పీల్చుకొంటుంది. కోయంబత్తూరు మనవారికి పాలక్కాడు కనుమ తెరిచిన తలుపులా ఉన్నది గనుక జూనులో చల్లగాలి వీస్తుంది. మదుర సీమకు ఆ భాగ్యం తక్కువ. ఏడాదిలో పడే వానలో సుమారు సగం ఐప్పసి, కార్తీకాల్లో ఈశాన్యం మూలనుంచి రావలసిందే. చిత్తిరై, వైకాశి మాసాల్లో సాయంకాలపు ఉరుముల వాన రెండుమూడుసార్లు పడితే వేసవి గట్టెక్కుతుంది. అది పడకపోతే ఫాల్గుణంలో మొదలైన ఎండ భాద్రపదందాకా లాగుతుంది. మన పూర్వులు పంచాంగం వెంట తెచ్చుకొన్నారు గాని వానను తెచ్చుకోలేకపోయారు. అందుచేత ఇక్కడ వానను నమ్ముకోక, నీటిని దాచుకోవడం నేర్చుకొన్నారు.

నడి ఎండాకాలంలో ఈ సీమవారు చేసుకొనే పెద్దపండుగ ఏటి పండుగే కావడం నాకు ఎప్పుడూ వింతగా ఉంటుంది. చైత్రపౌర్ణమినాడు కళ్లళగరు బంగారు గుర్రమెక్కి వైగైలో దిగుతాడు. ఆ ఉత్సవం పూర్వం చోళవందాను వైపు తేనూరులో జరిగేదనీ, తిరుమల నాయకుడు దాన్ని మదురకు మార్చి మీనాక్షి కల్యాణంతో కలిపాడనీ చెప్తారు. అందుకు గుర్తుగా ఏట్లో తేనూరు మండపం ఇప్పటికీ ఉన్నది. 2024లో ఏప్రిల్ 23న ఆ ఉత్సవం చూశాను. తోలుసంచులు భుజాన వేసుకొన్న భక్తులు దేవుడిమీదా, మనుషులమీదా నీళ్లు చిమ్ముతూ వస్తూంటే, ఆ ఎండలో లక్షలమంది సంతోషంతో కేకలు వేశారు. అళగరు దిగే నీళ్లు మాత్రం ఆనకట్టనుంచి విడిచిపెట్టినవి. లేకపోతే వైగై ఆ రోజుల్లో ఇసుకే.

ఆ నీళ్లు ఎక్కడివి అని అడిగితే మళ్లీ కొండల కథలోకే పోవాలి. వాడిపట్టికి నీళ్లు రెండు కొండలనుంచి వస్తాయి. ఒకటి ఇంటివెనుక సిరుమలై. రెండవది వంద కిలోమీటర్లకు పైన దూరాన ఉన్న పడమటి కనుమలు.

1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువు ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు. రాయలసీమలో ధాత కరువు అన్నా, ఇక్కడ అరవంలో తాదు వరుష పంజం అన్నా అదే. చెన్నపట్నం రాజధాని అంతటా లక్షలాది జనం పోయారు. ఆ కరువు తరువాతనే, పడమటి సముద్రంలోకి పోయే పెరియారు నీటిని కొండ తొలిచి తూర్పుకు మళ్లించాలన్న పాత ఆలోచనకు కదలిక వచ్చింది. 1886లో తిరువాంకూరు సంస్థానంతో ఒడంబడిక అయింది. మరుసటి ఏడు పని మొదలై, పెన్నిక్విక్కు అనే ఇంజనీరు ఆధ్వర్యాన 1895 అక్టోబరుకు ఆనకట్ట తయారైంది. నీరు సొరంగం గుండా కంబం లోయలోకి దిగి వైగైలో కలుస్తుంది. 1959లో వైగై ఆనకట్ట కట్టారు. పేరణై వద్ద ఏటినుంచి చీలే పెరియారు పెద్దకాలువ వాడిపట్టి పొలాలకు వస్తుంది. పేరణై నుంచి కళ్లందిరి వరకు సుమారు 45 వేల ఎకరాలకు రెండు పంటల పారుదల అని లెక్క. ఆనకట్టల్లో నీళ్లుంటే జూను మొదట్లో కాలువ వదులుతారు. లేకపోతే రైతు ఆకాశంకేసీ, అధికారులకేసీ చూస్తూ కూర్చోవలసిందే. తేని, మదుర జిల్లాల రైతుల ఇండ్లలో పెన్నిక్విక్కు పటం దేవుడి పటాల వరుసలో కనబడడానికి కారణం ఇదే.

కాలువ లేనిచోట, కాలువ రాని నెలల్లో, వాడిపట్టికి దిక్కు సిరుమలై. ఊరికి ఉత్తరాన కుట్లాడంపట్టి దగ్గర తాటకనాచ్చియారు జలపాతం ఉన్నది. వానాకాలంలో మదురనుంచి జనం బండ్లు కట్టుకొని వచ్చి అక్కడ తల తడుపుకొంటారు. నేను చూసినప్పుడు బండమీద ఎండిన నాచు గీతలు తప్ప చుక్క నీరు లేదు. ఆ జలపాతం ఎండినా ఇబ్బంది లేదు, ప్రతి వేసవీ ఎండేదే. అసలు నీరు కంటికి కనబడకుండా దిగేది. కొండమీద అడవి వాననీటిని ఆపి, ఆకుల కుళ్లులోకి, మట్టిలోకి, రాతి నెర్రెల్లోకి ఇంకిస్తుంది. అది నెలల తరబడి మెల్లగా కిందికి జారి, పాదాన ఉన్న బావుల్లో ఊటగా తేలుతుంది. కార్తీకంలో పడిన వాన వైశాఖంలో చేదకు అందుతుంది. కొండ అంటే ఊరికి నెత్తిమీద పెట్టుకొన్న కుండ.

మామగారింటి పక్కన ఒక అవ్వ ఉన్నది. ఎనభై దాటిన మనిషి. ఆమెను అడిగాను, "అవ్వా, మీ కాలంలో ఇంత ఎండ ఉండేదా?" అని. ఆమె కొండకేసి చూసి, "ఎండ అప్పుడూ ఉండె నాయనా. కొండమీద మబ్బు కూచుంటే వారం లోపల బావిలో ఊట కదిలేది. ఇప్పుడు మబ్బు వస్తాది, కూచోదు" అన్నది.

మామగారి పాతబావి యాభై అడుగుల రాతికట్టు. దిగడానికి మెట్లు ఉన్నాయి. ఇప్పుడు అడుగున రావిమొక్క మొలిచింది. నీళ్లు బోరునుంచి వస్తున్నాయి. మొదటి బోరు మూడువందల అడుగులు, రెండవది ఆరువందలు, ఇటీవలది వేయి దాటింది. బావిలో నీరు తగ్గితే మనిషికి కంటితో కనబడేది. వాడకం తగ్గించుకొనేవాడు. బోరులో నీరు తగ్గినట్టు తెలిసేది మోటారు గాలి పీల్చినప్పుడే. తెలిసేసరికి చేసేది ఏమీ ఉండదు.

2016లో అదే జరిగింది. ఆ ఏడు తమిళనాట ఈశాన్య ఋతువులో మామూలుగా పడవలసిన వానలో నలభై పాళ్లయినా పడలేదు. 2017 జనవరిలో ప్రభుత్వం రాష్ట్రంలోని జిల్లాలన్నిటినీ కరువు జిల్లాలుగా ప్రకటించింది. ఏప్రిల్ నెలలో వైగై ఆనకట్టలో మిగిలిన కాస్త నీరు ఆవిరైపోకుండా ఆపాలని థర్మోకోల్ పలకలు అతికించి నీటిమీద పరిచారు. పరిచిన కాసేపటికే గాలి వాటిని ఒడ్డుకు తోసేసింది. దేశమంతా నవ్వింది. వాడిపట్టిలో నవ్వినవారు తక్కువ. "నవ్వేవాళ్లకేమప్పా, వాళ్ల చెట్లు చావలేదు గదా" అన్నారు మామగారు. ఆ వేసవిలో వారి తోటలో నలభైమూడు కొబ్బరిచెట్ల తలలు వాలిపోయాయి. కొబ్బరిచెట్టు ఒక్కరోజులో చావదు. మట్టలు ఒక్కొక్కటే వేలాడుతాయి, మొవ్వు ఎండుతుంది, చివరికి మొండెం ఒక్కటే స్తంభంలా నిలుస్తుంది. వాళ్ల తాతగారు నాటిన చెట్లవి. వాటిని కోయించి ఇటుకబట్టీకి తోలించినరోజు అత్త ఇంట్లో పొయ్యి వెలిగించలేదట.

చోళవందాను తమలపాకు తోటలవారిదీ అదే కథ. 2023లో ఆ ఆకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాని ఆ తీగ ఎంత సుకుమారమో పెంచినవారికే తెలుసు. అవిసె చెట్ల నీడలో, కాలువల మధ్య కట్టిన మళ్లలో, తడి ఆరకుండా పెంచాలి. వేడిగాలి నాలుగురోజులు తోసిందంటే ఆకు అంచులు మాడి, కట్టకు పనికిరాదు. పెళ్లితాంబూలంలో ఆకు వేసేవారికి దాని వెనుక ఇంత నీరు ఉన్నదని గుర్తుండదు.

కర్తరి మొదలైన మరునాడు కొండ ఎక్కి చూద్దామని దిండిగల్లు పోయి సిరుమలై బస్సు పట్టుకొన్నాను. దారిలో పద్దెనిమిది మెలికలు. వెనుకటిరోజుల్లో ఏడవ మెలిక దాటితే ఒళ్లు చల్లబడేదని పక్కన కూర్చున్నతను చెప్పాడు. ఆరోజు పదిహేనవ మెలిక దాటినా చేతిగుడ్డతో ముఖం తుడుచుకొంటూనే ఉన్నాము. రోడ్డుకు అటూ ఇటూ వెదుళ్లు ఎండి పసుపుపచ్చగా మారాయి. ఎండుటాకు మోకాటిలోతు పడి ఉన్నది. నిప్పురవ్వ ఒక్కటి చాలు.

మూడువేల అడుగుల ఎత్తున ఊరు. కాఫీ, మిరియం, నిమ్మ, పనస తోటలు. సరుకును తోటలనుంచి గుర్రాలమీద రోడ్డుదాకా చేర్చే పద్ధతి ఇంకా పోలేదు. గుర్రాలు కూడా ఆ మధ్యాహ్నం పనసచెట్టు కింద తలలు వాల్చి నిలబడి ఉన్నాయి. ఒక తోటకాపు నన్ను కాఫీచెట్ల మధ్యకు తీసుకొనిపోయాడు. కాఫీకి మార్చి, ఏప్రిల్ నెలల్లో పూతవాన కావాలి. ఒక మంచివాన పడితే పది రోజుల్లో కొమ్మంతా మల్లెల్లా విచ్చుకొంటుంది. ఆ ఏడు మొగ్గలు పుల్లల్లా ఎండి రాలుతున్నాయి. అడవిదున్నలు నీళ్లకోసం తోటల్లోకి దిగుతున్నాయని, చీకటిపడితే బయటికి రావడం మానుకొన్నామని చెప్పాడు.

సిరుమలై అరటి పేరు వినని మనవారుండరు. పొట్టిగా, ముడతల తోలుతో, తేనెలాంటి తీపితో ఉండే పండు. 2008లో దానికీ, విరూపాక్షి అరటికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. పళని పంచామృతానికి విరూపాక్షి అరటే ప్రాణం. ఒకప్పుడు ఈ కొండలనిండా ఆ తోటలే ఉండేవి. 1960ల తరువాత ఆకులు గుత్తిగా ముడుచుకుపోయే తెగులు వచ్చి వాటిని తుడిచిపెట్టింది. మిగిలినవి వానమీద బతికే తోటలు గనుక, కొండమీద ఎండ సాగితే వాటికి రెండవ దెబ్బ.

మైదానానికి నలభై డిగ్రీలు దాటితేగాని వడగాలి అని వాతావరణశాఖ లెక్కలోకి తీసుకోదు. కొండప్రాంతానికి ఆ హద్దు ముప్పై డిగ్రీలే. ఇది చదివినప్పుడు చాలామంది నవ్వుతారు, ముప్పై కూడా ఒక ఎండేనా అని. కాని కొండమీది చెట్టు, చేను, పురుగు, పక్షి చలువకు అలవాటుపడి పుట్టినవి. మనిషికి గొడుగున్నది, అవి ఎక్కడికి పోతాయి? 2024 ఏప్రిల్ ఆఖరులో ఉదకమండలంలోనే 29 డిగ్రీలు నమోదైంది. అక్కడ 1951 తరువాత అంత ఎండ లేదు. ఆ రోజుల్లోనే కొడైకానలు కొండల్లో అడవి రోజుల తరబడి కాలింది. ఎండకు తాళలేక మైదానపు జనం కొండలకు ఎగబాకితే, వారి కార్లకు చోటు చాలక మే 7నుంచి ఆ రెండు ఊళ్లకూ అనుమతిచీటీ ఉండాలని చెన్నై హైకోర్టు కట్టడి పెట్టవలసివచ్చింది. అడవినిప్పు ఎంత క్రూరమైనదో 2018 మార్చి 11న బోడి దగ్గర కురంగణి కొండల్లో తెలిసింది. నడకకు పోయిన యువతీయువకులు ఇరవైమందికి పైగా ఆ మంటల్లో పోయారు.

నిప్పు ఆరిపోయిన తరువాతి నష్టం మనకు కనబడదు. కాలిన కొండమీద వాన పడితే నీరు ఇంకదు. బూడిదను, మట్టిని ఊడ్చుకొని ఒక్కరోజులో కిందికి పారిపోతుంది. మొదట వరద, తరువాత కరువు. ఎండ పెరిగినందువల్ల కొండ ఎండుతున్నది, కొండ ఎండినందువల్ల ఎండ ఇంకా పెరుగుతున్నది. తడి ఉన్న నేలమీద పడే ఎండలో కొంత ఆ తడిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. పొడినేలమీద పడే ఎండ అంతా గాలిని కాల్చడానికే మిగులుతుంది. అవ్వ చెప్పిన మాటకు అర్థం నాకు కొండమీద తెలిసింది. మబ్బు కూర్చోవాలంటే దానికి పీట వేయాలి. ఆ పీట అడవి.

2024లో మే మధ్యనుంచి వానలు బాగా పడ్డాయి. కొండలు మళ్లీ పచ్చబడ్డాయి. ఆ ఏడు అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం వడగాలిని కూడా వరద, తుఫానుల మాదిరి రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, వడదెబ్బతో పోయినవారి కుటుంబానికి నాలుగు లక్షల సాయం ఏర్పాటు చేసింది. మంచిదే. పోయిన మనిషికి వెల కట్టడం సర్కారు పని. మనిషి పోకుండా, ఊరు వదలకుండా చూసుకోవడం మాత్రం ఊరివారి పనే.

దానికి దారి కొత్తగా కనిపెట్టనక్కరలేదు. చెరువు పూడిక తీయడం, గట్టు వేయడం, కాలువ బాగుచేయడం ఆయకట్టు రైతులే చేసుకొనే పద్ధతిని కుడిమరామత్తు అన్నారు. అందులోని మరామత్తు మన ఇండ్లలోనూ ఉన్న మాటే. 2017లో అదే పేరుతో ప్రభుత్వం వంద కోట్లతో చెరువుల మరమ్మతు మొదలుపెట్టింది. కరువు కొట్టిన తరువాతనైనా పాతమాట గుర్తుకు వచ్చింది. వాడిపట్టి చుట్టుపక్కల పల్లెల్లో మనవారి కులదైవాల గుళ్లు చాలా ఉన్నాయి. గుడిపక్కన ఊరణి లేని గుడి అరుదు. గోపురానికి రంగు వేయించడానికి చందాలు పోగవుతున్నవి. ఊరణి పూడిక తీయించడానికి చందా అడిగినవారిని నేను ఇంకా చూడలేదు.

మామగారి కుమారుడు తిరుప్పూరులో ఉద్యోగం చేస్తున్నాడు. తోట అమ్మేసి తన దగ్గరికి రమ్మంటున్నాడు. మంచి ధర చెప్పినవారున్నారు, ఇండ్లస్థలాలు చేస్తారట. మామగారు ఇంకా ఒప్పుకోలేదు. "ఈ ఐప్పసి చూసి చెప్తాను" అన్నారు. ఐదువందల ఏండ్ల కిందట నీరు వెదుక్కొంటూ వచ్చిన వంశాలు ఈనాడు నీరు లేక ఇలా ఒక్కొక్క ఇల్లే లేచిపోతే, వాటితోపాటు అరుగుమీద వినబడే తెలుగు కూడా లేచిపోతుంది. ఊట, చేద, కపిల, మడవ అనే మాటలు పట్నం మిద్దెల్లో ఎవరికి కావాలి?

సిరుమలై చూడదలచినవారు కార్తీకమాసంలో పోవడం మంచిది. వాడిపట్టిలో దిగి ముందు కుట్లాడంపట్టి జలపాతం చూసుకొని, దిండిగల్లుమీదుగా కొండ ఎక్కవచ్చు. నిమ్మకాయలు, మిరియాలు చవకగా దొరుకుతాయి. అరటిపండు దొరికితే అడిగినంత ఇచ్చి కొనండి. వేసవిలో పోయేవారు మాత్రం అడవిలో పొయ్యి వెలిగించవద్దు, చుట్ట పారేయవద్దు. దిగి వచ్చేటప్పుడు మీ కులదైవం గుడి ఆ దారిలో ఉంటే, దర్శనమయ్యాక పక్కనున్న ఊరణి గట్టు ఎక్కి అందులో నీళ్లు ఉన్నవో లేవో ఒకసారి చూసి రండి.